రాళ్లు గీసిన గీతలా, మనం గీసిన గీతలా?

గీజాలోని మూడు పిరమిడ్లు ఒరాయన్ బెల్టులోని మూడు నక్షత్రాలకు నమూనా అని రాబర్ట్ బౌవాల్ వాదించాడు. మ్యాప్ మీద పెట్టి చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ "అనిపించడం" రుజువు అవుతుందా?

ఈ ప్రశ్న కోసం ఈజిప్టు దాకా వెళ్లక్కర్లేదు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో, కృష్ణా నది దగ్గర, 12 నుంచి 14 అడుగుల ఎత్తున్న నిలువురాళ్లు దాదాపు 80 ఉన్నాయి. కొన్ని రాళ్ల వరుసలు సూర్యుడి ఉదయాస్తమయాల దిక్కును చూపిస్తాయని, ఒక రాతి మీది గుంటలు సప్తర్షి మండలమని హైదరాబాద్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి. రావు చెప్పారు. 2025లో ఈ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కింది.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. 80 రాళ్లలో ఏ రెండిటిని కలిపినా ఒక గీత. అంటే 80×79/2 = 3,160 గీతలు. రాళ్లను ఎక్కడపడితే అక్కడ పాతినా సరే, అటూ ఇటూ ఒక్కో డిగ్రీ తేడా ఒప్పుకుంటే, మీరు ఏ దిక్కు చెప్పినా సుమారు 35 గీతలు దొరికేస్తాయి! కాబట్టి ఒక జత కుదిరితే దానికి విలువ లేదు.

మరి దేనికి ఉంది? దిక్కు ముందే చెప్పాలి. ముడుమాల్‌లో జూన్ 21 సూర్యోదయం తూర్పు నుంచి ఉత్తరానికి సుమారు 25 డిగ్రీల దగ్గర. ఆ అంకె ముందు రాసుకుని, తర్వాత రాళ్లు కొలవాలి. రెండు రాళ్లు కాదు, పది రాళ్లు ఒకే వరుసలో అటు చూస్తే అది గట్టి సాక్ష్యం.

గ్రేట్ పిరమిడ్ భుజాలు అసలు దిక్కుల నుంచి డిగ్రీలో పదో వంతు కూడా తప్పలేదు. అక్కడ వాదన అక్కర్లేదు, కొలత చాలు. నిలువురాళ్లకూ అదే న్యాయం చేద్దాం: పొగిడే ముందు కొలుద్దాం.