నరసాపురపు రేవులో ఓడల వైద్యము

నరసాపురమనగానే మన సోదరీమణులకు ముందుగా స్ఫురించునది దారపు అల్లిక. మా పెనుగొండ యిండ్లలో దిండుగలీబులకును, బల్లగుడ్డలకును ఆ లేసే యలంకారము. కాని యీ యల్లిక యచ్చటికి వచ్చినది పందొమ్మిదవ శతాబ్దమున. అంతకు రెండువందల యేండ్లకు పూర్వమే ఆ యూరికి మఱియొక హస్తకౌశలముచే సముద్రముల కావల పేరుండెడిది. అది ఓడలు కట్టుట. మా దృష్టిలో అంతకంటెను గొప్పదైన పని, చెడిన ఓడలను బాగుచేయుట.

కొయ్య ఓడ ఒకమారు కట్టి విడిచినచో ముగియునది కాదు. ఎండ పలకలను పగులజేయును. కెరటము సందులను వదులుచేయును. అన్నిటికంటె ఘోరమైనది పురుగు. పురుగందుము గాని యిది నిజమునకు నత్తగుల్లల జాతి ప్రాణి. ఉప్పునీటిలో పలకను తొలిచి, లోలోపల సొరంగములు చేయును. పైకి పలక నున్నగానే కనబడును. వ్రేలితో నొక్కినచో లోపలికి కూలును. అయితే ఈ ప్రాణి మంచినీటిలో చిరకాలము బ్రతుకజాలదు. కావుననే నదిలోనికి వచ్చి కొన్ని నెలలు నిలువదగిన రేవు ఓడలకు ఆసుపత్రి వంటిది. మన సిద్ధాంతము ప్రక్కగా పారు వశిష్ఠ గోదావరియే నరసాపురము మీదుగా పోయి అంతర్వేది యొద్ద సముద్రమున కలియుచున్నది. ఆ నీటి తీపియే ఓడలకు మందు.

దీనికి చక్కని దృష్టాంతము గ్లోబు అను ఇంగ్లీషు ఓడ కథ. ఈస్టిండియా కంపెనీవారి యేడవ యాత్రగా అది 1611 లో ఇంగ్లండును విడిచెను. దాని వర్తకులలో ముఖ్యుడు పీటర్ ఫ్లోరిస్ అను డచ్చివాడు. ఆతడు దినచర్య వ్రాసియుంచుట చేతనే మనకీ సంగతులు తెలియుచున్నవి. ఓడ పులికాటునకు వచ్చి, అచ్చటి డచ్చివారు సాగనీయకపోగా మచిలీబందరు చేరి, పిదప జావాకును, పటానీకిని, సయాము దేశమునకును పోయెను. కెప్టెను ఆంథొనీ హిప్పన్ పటానీలో మరణించెను. 1613 డిసెంబరులో ఓడ మరల బందరు చేరునప్పటికి మూడేండ్లుగా ఉప్పునీటిలో నానుచున్నది. ఇంటికి పోవలెనన్న ఆఫ్రికా ఖండమంతయు చుట్టి పోవలెను. అందుచే 1614 లో దానిని నరసాపురపేట యేటిలోనికి తెచ్చిరి.

మొగలో లోతు చాలదని కొందరు బెదరించిరట. ఓడ అడుగు నీటిలో 9¼ అడుగులు దిగుచుండగా, అచ్చట 10½ అడుగుల నీరు దొరకెను. అడుగుంబావు ఎడముతో ఓడ ఏటిలోనికి వచ్చినది!

ఆ యేటి ఆగస్టులో గోదావరికి, 29 ఏండ్లలో ఎవరును కనని వఱద వచ్చెను. ఉప్పుకుప్పలును, ధాన్యమును, ఊళ్ళును కొట్టుకొని పోయెననియు, బాటలపై మూడు గజముల నీరు నిలిచెననియు, వేలకొలది మనుష్యులును పశువులును మునిగిపోయిరనియు ఫ్లోరిస్ వ్రాసెను. అంతటి నీటిలోను ఏటనున్న గ్లోబు చెడలేదు. వఱద తీసిన పిదప అది క్రొత్తదానివలె మొగ దాటి బందరు చేరి, డిసెంబరులో బయలుదేరి, 1615 లో ఇంగ్లండును చేరెను. ఫ్లోరిస్ ఆ యేటనే లండనులో కన్నుమూసెను. ఓడ ఎక్కినవారి పేర్లును, సరకుల వెలలును మనకు మిగిలినవి. పలక పలక చూచి దానిని బాగుచేసిన చేతులకు మాత్రము పేరు లేదు. మాకిది కొంత బాధగానే యున్నది.

ఆ చేతులు చేయు పని యెట్టిదో మన మెఱుగవలసినదే. మొదట ఓడలోని సరకును, ఫిరంగులను దింపి దానిని తేలిక చేయుదురు. పోటునీటిలో ఒడ్డునకు చేర్చి, త్రాళ్ళతో ఒక ప్రక్కకు ఒరగజేయుదురు. ఆటునీరు తీయగానే కడుపుభాగము బయటపడును. పట్టిన గుల్లలను, నాచును గీకి, పలుచని మంటతో కాల్తురు. పిదప కొయ్యసుత్తితో ప్రతి పలకను తట్టి చూతురు. కుండ కొనునపుడు మనము మీటి చూచుట లేదా? అదే పరీక్ష. గట్టి పలక ఖణేలుమనును. తొలచుకొనిపోయినది బొద్దుగా పలుకును. చెడినదానిని తీసి, అదే వంపుగల క్రొత్తపలకను అమర్తురు. సందులలో నార దట్టించి, గుగ్గిలమును నూనెతో కాచి పోసి, పైన సున్నమును నూనెతో నూరి పూయుదురు. తరువాత రెండవ ప్రక్క. మన గోడలకు మట్టి మెత్తి, సున్నము వేయు పనికిని దీనికిని పోలిక యెంత దగ్గఱగా నున్నది!

ఈ తీరమునకు ఇంత పేరు వచ్చుటకు టేకు ఒక కారణము. 1669 మొదలు 1679 వఱకు బంగాళాఖాతపు రేవుల తిరిగిన థామస్ బౌరీ అను నావికుడు నరసాపురపు కలపను, వడ్రంగులను మెచ్చుకొని, ఇంగ్లీషు వర్తకులు అచ్చట ఓడలు కట్టించుకొను సంగతి వ్రాసినాడు. ప్రక్కనున్న మాధవాయిపాలెములో ఇంగ్లీషువారి కొఠీ యుండెడిది. మాడపొల్లాము బట్టకు పేరు వచ్చినది ఆ యూరినుండియే. టేకులోని సహజమైన నూనె ఇనుపమేకును తుప్పుపట్టనీయదు. సీమ ఓకుకొయ్యలోని పులుపు మేకును తినివేయును. 1817 లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకొమలీ యను యుద్ధనౌకను 1990 మొదలు 2001 వఱకు ఇంగ్లండులోని హార్టిల్‌పూలులో బాగుచేసిరి. అది నేటికిని నీటిపై తేలుచున్నది. గోదావరీ తీరపు ఓడలకు అట్టి భాగ్యము పట్టలేదు.

తూర్పున కోరంగిలో ఎబినీజర్ రోబక్ అను దొర 1802 లో ఓడలు బాగుచేయు పెద్ద తొట్టిరేవును కట్టించెను. ఇక్కడినుండి ఓడలెక్కి పోయినవారిని బట్టియే బర్మాలో తెలుగువారందరికిని కోరంగీలని పేరు కలిగినది. 1789 లోను, 1839 లోను సముద్రము పైబడి ఆ పట్టణమును పాడుచేసినది. అక్షరముల లోకమునకు మాత్రము ఈ తుపానుల వలన ఒక మాట దక్కినది: వీనిని పరిశీలించిన కలకత్తావాసి హెన్రీ పిడింగ్టన్ 1848 లో సైక్లోను అను పేరును ప్రచారమునకు తెచ్చెను. తరువాత ఏటి మేట, పొగయోడ, ఇనుపయోడ తక్కిన పని ముగించినవి. 1980 దశకము నుండి చిన్న వేటపడవలలో సైతము గాజునార పడవలు కొయ్యను త్రోసివేయుచున్నవి.

అయినను మరమ్మతు విద్య స్త్రీలకు అందనిది కాదని యీ మధ్యనే తేలినది. 2017 సెప్టెంబరు 10 న గోవా విడిచిన తారిణి యను తెరచాప ఓడలో ఆఱుగురు నావికాదళ వనితలు భూమిని చుట్టివచ్చిరి. వారిలో విశాఖపట్టణపు ఆడుబిడ్డ పి. స్వాతియు, హైదరాబాదు వాసి బొడ్డపాటి ఐశ్వర్యయు గలరు. ప్రయాణము నడుమ చుక్కాని యంత్రము చెడగా మారిషసులోని పోర్టులూయిస్‌లో ఆగి బాగుచేయించుకొని, 254 దినములకు, 2018 మే 21 న గోవా చేరిరి.

ఓడనే కాక, మఱచిన ఓడజాతినే పునరుద్ధరించిన కథ యొకటి కలదు. అజంతా గుహలోని చిత్రమును ఆధారముగా గొని, నకలుపటమేదియు లేకయే, కేరళపు శిల్పి బాబు శంకరన్ నాయకత్వమున గోవాలో కౌండిన్య యను ఓడను కట్టిరి. దీని పలకలను మేకులతో బిగింపలేదు. కొబ్బరినార త్రాటితో కుట్టిరి. 2025 మే 21 న కార్వారులో నావికాదళమున చేర్చబడి, ఆ డిసెంబరు 29 న పోరుబందరును విడిచి, ఇంజను లేకయే 2026 జనవరిలో మస్కటు చేరినది.

మన తీరపు మసూలా పడవలును ఇట్లు కుట్టినవే. విఱుచుకుపడు కెరటములలో మేకుల పడవ పగులును; కుట్టు పడవ కొంచెము వంగి, నిలుచును. త్రాడు నానిపోయినపుడు పడవను ఇసుకపై చేర్చి, కుట్లన్నియు విప్పి, పలకలను ఆరబెట్టి, క్రొత్తత్రాటితో పాత రంధ్రముల వెంటనే మరల కుట్టెడివారు.