పోచంపల్లి చిటికి నేత

మన సైదాబాదునకు తూర్పుగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున పోచంపల్లి గలదు. 1951 ఏప్రిల్ 18వ తేదీన వెదిరె రామచంద్రారెడ్డిగారు వినోబా భావేగారికి 100 ఎకరముల భూమి నొసంగుటచే నిది భూదాన్ పోచంపల్లి యైనది. అయినను ఈ యూరికి దేశాంతరఖ్యాతి తెచ్చినది చిటికి నేత. దీనినే ఇక్కత్ అందురు. దీనినిగూర్చి చదువరులకు కొంత విశదీకరింప నెంచితిమి.

చీరాల నేతగాండ్రు నూలును నూనెలో నానబెట్టి తేలియా రుమాళ్లు నేసి అరబ్బు దేశముల కంపుచుండిరి. ఆ విద్యయే 20వ శతాబ్దపు తొలి దశకములలో పోచంపల్లి చేరినది.

బట్టను నేసిన పిమ్మట రంగుల నద్దుట లోకములో సామాన్యము. ఇచట నట్లు గాదు. నేయుటకు ముందే దారమునందు బొమ్మను నిలుపుదురు. నూలును మేకులపై ఆసు పోసి, లెక్క చొప్పున గుర్తులు పెట్టి, రంగు తగులగూడని చోట్ల బిగించి కట్టుదురు. రంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, మరల వేరుచోట్ల కట్టి మరియొక రంగులో ముంచుదురు. ఇట్టి దారము మగ్గముపై నమరినపుడు బొమ్మ తనంత తానే తేలును.

ఆసు పోయుటలో చేయి ఒక్క చీరకు వేలమారు లాడవలయును. ఈ పని సాధారణముగా స్త్రీలదే. తన తల్లి భుజముల నొప్పి చూడలేక చింతకింది మల్లేశంగారు 1999లో ఆసుయంత్రము నిర్మించిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది.

పోచంపల్లి ఇక్కత్తునకు 2004–05లో భౌగోళిక గుర్తింపు గలిగినది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థ ఈ యూరిని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా నెంచినది. అయినను కీర్తి యొక్కటియే మగ్గమును నిలుపజాలదు. స్కాట్లండు దేశమున పైస్లీ యను పట్టణము కాశ్మీరు శాలువలకు పోలికలు నేసి వాసి కెక్కెను. మన మామిడిపిందె బొమ్మను నేటికిని పాశ్చాత్యులు పైస్లీ యనియే పిలుతురు. కాని యచటి శాలువల వాడుక తగ్గగా మగ్గము లుడిగినవి. పిమ్మట వర్ధిల్లిన దారపు మిల్లులును మూతపడినవి. పేరు మాత్రము మిగిలినది.

పోచంపల్లికిని అచ్చు బట్టల పోటీ గలదు. ఇక్కత్ బొమ్మనే మిల్లుబట్టపై నచ్చొత్తి చౌకగా నమ్ముచున్నారు. కొనువారు బట్టను తిరగవేసి చూడవలయును. నిజమైన ఇక్కత్తునకు రెండు ప్రక్కలను రంగు సమానము. బొమ్మ యంచులు కొంచెము చెదరియుండును. అచ్చుబట్టకు వెనుకవైపు సాధారణముగా వెలవెలబోవును. ఈ భేద మెరిగి కొనుటయే నేతగానికి మనము చేయదగిన సాయము.