మన ఉత్తరాల వాకిట కావలి ఎవరు?

నెహెమ్యా యెరూషలేము ప్రాకారము కట్టిస్తున్న దినాలలో శత్రువులు అతనిని మాట్లాడుకుందాము రమ్మని నాలుగు మారులు కబురు పంపారు. అయిదవ మారు ఒక ఉత్తరమే పంపారు. పిలుపు స్నేహముగానే ఉంది, లోపల ఉన్నది మాత్రము కీడు. నెహెమ్యా దానిని గ్రహించాడు, చేతిలో పని విడిచి వెళ్లలేదు. ప్రాకారము పూర్తికాగానే తలుపులు నిలిపి ద్వారపాలకులను నియమించాడు (నెహెమ్యా 6, 7 అధ్యాయములు).

ప్రియ చదువరులారా, నేడు మన ఇండ్లకు ఉత్తరాలు తెచ్చేది పోస్టుమాన్ ఒక్కడే కాదు. ఈ-మెయిల్ పెట్టె తెరిస్తే చాలు, లాటరీ తగిలిందని ఒకటి, బ్యాంకు ఖాతా మూతపడుతుందని మరొకటి. సేవకులకైతే ప్రత్యేకమైన వల ఉంది. విదేశములో మరణశయ్య మీదనున్న విధవరాలు తన ఆస్తినంతా దేవుని పనికి ఇస్తుందట, ముందుగా కొంత ఖర్చు మాత్రము మనము పంపాలట! ఇట్టి అక్కరలేని ఉత్తరములనే స్పామ్ అంటారు. 1978 మే 3న అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి సుమారు 400 మందికి ఒకేసారి పంపిన ప్రకటన వీటిలో మొదటిదని చెబుతారు.

ఈ బాధ పడలేక మేము కూడ సంఘ కార్యాలయపు ఈ-మెయిల్‌కు ఒక ఫిల్టర్ పెట్టి, దానిని మిక్కిలి కఠినముగా బిగించాము. పెట్టె శుభ్రమైందని సంతోషించాము. మూడు వారములకు స్పామ్ ఫోల్డర్ తెరిచి చూస్తే, అక్కడ గల్ఫ్‌లో పనిచేసే మా సంఘ యౌవనస్థుని ఉత్తరము ఉంది. జీతము అందక, ఇంట్లో చెప్పుకోలేక, ప్రార్థించమని రాశాడు. వెంటనే ఫోను చేస్తే, "అయ్యగారూ, మీరు కూడ నన్ను విడిచిపెట్టారనుకున్నాను" అన్నాడు. ఆ మాట మమ్మును ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

కావలివాడు రెండు విధాలుగా తప్పిపోవచ్చు. దొంగను లోపలికి రానివ్వవచ్చు, లేదా ఆప్తుని గుమ్మములోనుండే తరిమివేయవచ్చు. గురుగులతోపాటు గోధుమలను కూడ పెల్లగించే ప్రమాదము ఉందని ప్రభువు ఉపమానములోని యజమానుడు జాగ్రత్తపడ్డాడు గదా! కనుక ఫిల్టర్ ఎంచుకొనేటప్పుడు "ఎంత స్పామ్ ఆపుతుంది?" అని మాత్రమే కాక, "మంచి ఉత్తరమును ఎన్నిసార్లు పోగొడుతుంది?" అని కూడ అడగాలి.

ఇది పనిచేసే తీరు తెలిస్తే ఎన్నిక సులభము. ఫిల్టర్లలో చాలా వాటికి ఆధారమైన లెక్క థామస్ బేయస్ అనే ఇంగ్లాండు దేశపు సేవకునిది. ఆయన 1761లో చనిపోగా, ఆయన స్నేహితుడు, తానును సేవకుడైన రిచర్డ్ ప్రైస్ దానిని 1763లో అచ్చుకు తెచ్చాడు. ఏ మాటలు చెడ్డ ఉత్తరాలలో ఎక్కువగా వస్తాయో, ఏవి మంచివాటిలో వస్తాయో లెక్కించి, కొత్త ఉత్తరము ఎటు మొగ్గుతుందో ఫిల్టర్ అంచనా వేస్తుంది. 2002లో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామరు రాసిన వ్యాసము తరువాత ఈ పద్ధతి బాగా వ్యాపించింది.

మంచి ఫిల్టర్‌కు అయిదు గురుతులు చెబుతాము.

మొదటిది, అది అనుమానపు ఉత్తరమును వెంటనే చెరిపివేయక పక్కన ఉంచాలి. జీమెయిల్ వాటిని 30 దినములు ఉంచుతుంది. వారమునకు ఒకసారైనా ఆ ఫోల్డర్ చూడండి.

రెండవది, అది మన దగ్గర నేర్చుకోవాలి. ఇది స్పామ్, ఇది స్పామ్ కాదు అని మనము గుర్తుపెట్టిన కొలది దానికి వివేచన పెరగాలి.

మూడవది, పంపినవాని నిజమైన చిరునామాను పరీక్షించాలి. ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డీమార్క్ అనే మూడు పరీక్షలు ఇందుకే ఉన్నాయి.

నాల్గవది, మనవారి పట్టీని గౌరవించాలి. బంధువుల, సంఘస్థుల చిరునామాలను కాంటాక్టులలో చేర్చితే వారి ఉత్తరాలు దారితప్పడము తగ్గుతుంది.

అయిదవది, మన రహస్యములను కాపాడాలి. కన్నీటితో రాసిన ఉత్తరాలు సేవకుని యొద్దకు వస్తాయి. ఉచితమని చెప్పి ఉత్తరాలన్నీ చదివే అనుమతి అడిగే తెలియని ఫిల్టర్‌ను తగిలించకండి. జీమెయిల్, అవుట్‌లుక్ వంటివాటిలో ఫిల్టర్ ముందే ఉంటుంది, చాలామందికి అదే చాలు. థండర్‌బర్డ్ అనే ఉచిత ప్రోగ్రాములోని ఫిల్టర్ అయితే మన కంప్యూటర్‌లోనే నేర్చుకుంటుంది.

ఏది పెట్టినా రెండు వారములు పరీక్షించండి. లోపలికి వచ్చిన స్పామ్ ఎంత, బయటపడిన మంచి ఉత్తరాలు ఎన్ని అని ఒక కాగితము మీద రాసుకోండి. మేము అట్లే చేసి బిగింపు తగ్గించాము. ఇప్పుడు దినమునకు రెండు మూడు స్పామ్‌లు లోపలికి వస్తాయి. వాటిని చెరపడానికి పట్టేది ఒక్క నిమిషము. ఆ యౌవనస్థుని మూడు వారముల నిరీక్షణ ముందు ఇది ఏపాటి?

అయినను ఒక మాట. పదిమందికి పంపినదానిని ఫిల్టర్ పట్టవచ్చు గాని, మన ఒక్కరి కొరకే అల్లిన అబద్ధమును పట్టలేకపోవచ్చు. పాస్టరు పేరిట "అత్యవసరము, డబ్బు పంపండి, ఎవరికీ చెప్పవద్దు" అని ఉత్తరము వస్తే, పంపక ముందు మాకు ఫోను చేయండి. మా సంఘములో ఇది ఇప్పుడు నియమము. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచక, వెంటనే 1930 నంబరుకు తెలపండి.

ఈ సాయంకాలము కుటుంబ ప్రార్థన అయిన తరువాత స్పామ్ ఫోల్డర్ ఒకసారి తెరవండి. ఇంట్లో పెద్దవారి ఫోనులో కూడ చూడండి. మీ జవాబు కొరకు ఎవరో అక్కడ కాచుకొని ఉండవచ్చు. మోసమును గ్రహించే వివేకమును, పిలిచినవానికి పలికే ప్రేమను ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమెన్.