పేఫోనులో కాలింగ్ కార్డు ఏల మొరాయించెడిది?

1990వ దశకములో అమెరికాలోని తెలుగు విద్యార్థులు స్వదేశమునకు ఫోను చేయుటకు, ముందుగా సొమ్ము చెల్లించి కొన్న కాలింగ్ కార్డులను విరివిగా వాడెడివారు. ఇంటి ఫోనులో చక్కగా పనిచేయు కార్డు వీధిలోని పేఫోనులో ఒక్కొక్కప్పుడు పనిచేసెడిది కాదు. ఇంటి క్షేమము తెలియగోరి ఆత్రపడువానికి ఇది పెద్ద చిక్కు.

కార్డుపై నుండునది రహస్య సంఖ్య మాత్రమే. సొమ్ము లెక్క కంపెనీ కంప్యూటరులో నుండును. మొదట ఉచిత నంబరుకు ఫోను చేసి, కంప్యూటరు పలికిన పిమ్మట రహస్య సంఖ్యను, ఆపైన 011, 91, ఊరి కోడు, ఇంటి నంబరు పంపవలెను. ఉచిత నంబరును చదువునది స్థానిక ఎక్స్ఛేంజి. తక్కిన అంకెలను చదువునది దూరమందున్న కంప్యూటరు.

పాత డయలుపై 5 తిప్పినచో తీగలోని విద్యుత్ప్రవాహము ఐదుసార్లు ఆగి సాగును. ఎక్స్ఛేంజి ఈ విరామములను లెక్కించును. కాని యవి అంకెలుగా ముందుకు సాగవు. అవతల టకటక శబ్దమే వినబడును.

1963లో అమెరికాలో ప్రవేశించిన మీటల ఫోను పద్ధతి వేరు. 5 నొక్కినచో సెకనుకు 770, 1336 కంపనములు గల రెండు ధ్వనులు ఒకేసారి వెలువడును. అడ్డువరుసలకు 4, నిలువువరుసలకు 3, మొత్తము 7 ధ్వనులతో 12 మీటలను గుర్తింపవచ్చును. ఇవి మాటవలెనే ఎంతదూరమైనను పోవును. అందుచేతనే డయలు ఫోను వద్ద కొందరు చిన్న ధ్వనిపేటికను మాట్లాడు గొట్టమునకు ఆనించి అంకెలను వినిపించెడివారు!

మీటలున్నను బాధ పూర్తిగా తప్పలేదు. తొలి మీటల ఫోనులలో విద్యుత్తు నియమిత దిశలో ప్రవహించిననే ధ్వని పుట్టెడిది. అవతల ఫోను ఎత్తగానే కొన్ని ఎక్స్ఛేంజీలు ఈ దిశను మార్చెడివి; మీటలు మూగవోయెడివి.

సొమ్ము చిక్కు మరియొకటి. 1996 నాటి అమెరికా చట్టము ననుసరించి, ఉచిత నంబరుకు చేసిన కాలుకు కూడ పేఫోను యజమానికి ప్రతిఫలము ముట్టవలెను. 1997లో ఇది కాలుకు 28.4 సెంట్లుగా నిర్ణయింపబడెను. ఈ భారమును కంపెనీలు కార్డునుండి మినహాయించెడివి. 5 డాలర్ల కార్డుపై నిమిషమునకు 50 సెంట్లు, కాలుకు 30 సెంట్ల మినహాయింపు అనుకొందము. ఒకే కాలులో 9 నిమిషములు మాటాడవచ్చును. ఐదు కాలులుగా విడదీసినచో మొత్తము 7 నిమిషములే!

న్యూయార్కు నగరము తన చివరి ప్రజా పేఫోనును 2022 మే నెలలో తొలగించినది. పేఫోను పోయినను జంట ధ్వనులు పోలేదు. బ్యాంకుకు ఫోను చేసినప్పుడు "ఒకటి నొక్కండి" అను యంత్రము మన అంకెను గుర్తించుటకు నేటికిని ఈ పద్ధతియే ఆధారము.