అలసిన బిడ్డకు మొదట విశ్రాంతి

ఈ దినము మన సంఘములలో ఆటలాడే హైస్కూలు పిల్లలను గూర్చి ఆలోచించుదము.

తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయిని తలంచుకోండి. తెల్లవారుజామున నాలుగున్నరకే గ్రౌండుకు వెళ్తుంది. తర్వాత బడి, ట్యూషను, సాయంకాలం మళ్లీ ప్రాక్టీసు. జిల్లా పోటీలో పతకం తెచ్చినప్పుడు సంఘమంతా చప్పట్లు కొట్టాము. ఇప్పుడు ఆమె పరుగు తగ్గింది. చిన్న మాటకే ఏడుస్తోంది. "ఇంకా కష్టపడమ్మా, ఇంకా ప్రార్థించు" అంటున్నాము. ఆ బిడ్డకు ఆ మాట మరొక బరువు.

ఏలీయాను జ్ఞాపకము చేసుకోండి. కర్మెలు పర్వతము మీద గొప్ప విజయము చూచిన ప్రవక్త, ఆ తరువాత బదరీవృక్షము క్రింద కూర్చుండి మరణము కోరుకున్నాడు. దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూతచేత రొట్టె, నీళ్లు పంపించాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనము. "ఇక్కడ ఏమి చేస్తున్నావు" అని అడిగినది హోరేబుకు చేరిన తరువాతనే. మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయములో ఈ వరుసను మీరే చదువుకోండి.

వైద్యులు చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. 13 నుండి 18 ఏండ్ల పిల్లలకు రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘము వారానికి కనీసం ఒకటి రెండు రోజులు ఆట నుండి సెలవు ఉండాలని సలహా ఇస్తుంది. శరీరము కోలుకొనే సమయము లేకుండా శ్రమ పెరిగితే మానని అలసట, మాటిమాటికీ దెబ్బలు, జలుబు, చదువులో వెనుకబాటు, ఆట మీద విసుగు కనిపిస్తాయి. దీనిని సోమరితనమని పొరబడకండి.

జిమ్నాస్టు సిమోన్ బైల్స్ 2021లో టోక్యో ఒలింపిక్స్ జట్టు ఫైనల్ మధ్యలోనే తప్పుకున్నది. గాలిలో తన శరీరము ఎటు తిరుగుతున్నదో తెలియక, ప్రమాదమని గ్రహించి ఆగింది. చాలామంది నిందించారు. 2024లో పారిస్‌లో మూడు స్వర్ణములు, ఒక రజతము గెలిచింది. ఆగడము ఆమె పరుగును ముగించలేదు. అయితే తిరిగి రాకపోయినా ఆమె విలువ తగ్గేది కాదు. ఈ మాట మన పిల్లలు మన నోటి నుండి వినాలి.

మీరు యౌవనుల నాయకులైనా, సండేస్కూలు టీచరైనా, మేనమామయైనా ఇలా చేయండి. ఓడిన రోజున కూడా ఫోను చేయండి. "ఎన్నో స్థానం వచ్చింది?" అని అడుగక ముందు "నిద్రపట్టిందా? భోంచేశావా?" అని అడగండి. బిడ్డ మాట్లాడేటప్పుడు మధ్యలో ఉపదేశము చేయకండి. అవసరమైతే బిడ్డ పక్షమున తలిదండ్రులతో, కోచ్‌తో మాట్లాడండి. "చచ్చిపోవాలనిపిస్తోంది" అంటే రహస్యముగా దాచకండి. ఒంటరిగా విడువక వైద్యుని యొద్దకు తీసుకొని వెళ్లండి. ప్రభుత్వపు టెలి మానస్ 14416కు ఏ సమయములోనైనా ఉచితముగా ఫోను చేయవచ్చు.

ఈ ఆదివారము ఆరాధన అయిన తరువాత అటువంటి ఒక బిడ్డ ప్రక్కన కూర్చోండి. పతకము మాట ఎత్తకండి. ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.