బండి నల్లపొగ కక్కితే

పెట్రోలు ఒక్కటే మండదు. దానికి గాలి తోడు కావాలి. కట్టెల పొయ్యి చూడండి. గాలి ఆడకపోతే ఇల్లంతా పొగే. ఎన్ని కట్టెలు పెట్టినా మంట రాదు. మోటారు సైకిలు ఇంజనూ అంతే.

పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించే భాగం పేరు కార్బురేటర్. ఒక కిలో పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 15 కిలోల గాలి కావాలి. 2020 ఏప్రిల్‌లో కొత్త కాలుష్య నియమాలు వచ్చాయి. ఆ తర్వాత తయారైన బళ్లలో చాలావాటికి కార్బురేటర్ లేదు. పాత బళ్లకు ఉంది.

బండి నిలబడి ఉండగా ఇంజను మెల్లగా తిరుగుతుంది. దీన్ని 'స్లో' అంటారు. స్లోలో పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైతే ఈ గుర్తులు కనబడతాయి:

• పొగ నల్లగా వస్తుంది. (నీలంగా వస్తే ఆయిలు మండుతున్నట్టు. అది వేరే జబ్బు.)
• పచ్చి పెట్రోలు వాసన వేస్తుంది.
• ఇంజను వేడెక్కాక తడబడి ఆగిపోతుంది.
• ప్లగ్గుకు నల్లని మసి పడుతుంది.

నష్టం డబ్బు ఒక్కటే కాదు. సగం మండిన పెట్రోలు నుండి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఎక్కువగా వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ఇంజను నడిపితే మనిషి ప్రాణమే పోవచ్చు. అందుకే ఈ పని ఆరుబయట చేయాలి. బీడీ, అగ్గిపెట్టె దగ్గర ఉండకూడదు.

ముందుగా చూడాల్సినవి రెండు. చోక్ పూర్తిగా వెనక్కి వచ్చిందా? గాలి ఫిల్టరులో దుమ్ము పేరుకుందా? చాలాసార్లు జబ్బు ఇక్కడే ఉంటుంది.

ఇవి బాగుంటే అప్పుడు స్క్రూ సంగతి. కార్బురేటర్‌కు రెండు స్క్రూలు ఉంటాయి. ఒకటి స్లో వేగానికి. రెండోది గాలి, పెట్రోలు పాళ్లకు.

1. ఇంజను ఆపి, పాళ్ల స్క్రూను నెమ్మదిగా చివరిదాకా బిగించాలి. గట్టిగా బిగిస్తే దాని మొన పాడవుతుంది. ఎన్ని చుట్లు తిరిగిందో కాగితం మీద రాసుకోవాలి. మళ్లీ అన్ని చుట్లే విప్పాలి.
2. ఇంజనును బాగా వేడెక్కనివ్వాలి.
3. స్క్రూ ఫిల్టరు వైపు ఉంటే అది గాలి స్క్రూ. విప్పితే గాలి పెరుగుతుంది. ఇంజను వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ. బిగిస్తే పెట్రోలు తగ్గుతుంది.
4. పావు చుట్టు తిప్పి, కాసేపు ఆగి చప్పుడు వినాలి. ఇంజను ఎక్కడ వేగంగా, తడబడకుండా తిరుగుతుందో అక్కడ ఆపాలి.
5. వేగం ఎక్కువైతే స్లో స్క్రూతో తగ్గించాలి.

కొన్నాళ్లు నడిపాక ప్లగ్గు చూడాలి. లేత గోధుమ రంగు ఉంటే పాళ్లు కుదిరినట్టే.

స్క్రూ ఎంత తిప్పినా మార్పు లేకపోతే లోపలి జెట్టో, ఫ్లోటు సూదో అరిగి ఉండవచ్చు. రాసుకున్న లెక్క ప్రకారం స్క్రూను మళ్లీ పాత చోటికే తేవాలి. తర్వాత మెకానిక్కుకు చూపించాలి. చూసిన గుర్తులన్నీ అతనికి చెప్పాలి. నల్లపొగ రాగానే ఇంజను విప్పించే పనిలేదు. ముందు గాలి సంగతి చూడాలి.