ఎన్ని? ఎంతమంది?



మీలో చాలామందికి ఇంట్లో బాలవాటికకు వెళ్లే తమ్ముడో చెల్లెలో ఉండే ఉంటారు. ఇంటికి ఎవరొచ్చినా "ఒకటి, రెండు, మూడు..." అంటూ ఇరవై దాకా గడగడా అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. ఈసారి వాళ్లకు ఒక చిన్న పని చెప్పి చూడండి: "వంటింట్లోంచి నాలుగు చెంచాలు పట్టుకురా." చాలాసార్లు గుప్పెడు చెంచాలు వస్తాయి. ఇరవై దాకా వచ్చిన పిల్లకు నాలుగు ఎందుకు రాలేదు?

అంకెలు అప్పజెప్పడం వేరు, వస్తువులను లెక్కపెట్టడం వేరు. మొదటిది పాటలాగా నోటికి వస్తుంది. రెండోదానికి కన్ను, వేలు, నోరు మూడూ కలిసి నడవాలి. పిల్లలు ఎలా లెక్కపెడతారో పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు రోషెల్ గెల్మన్, సి. ఆర్. గాలిస్టెల్ 1978లో వెలువరించిన పుస్తకంలో దీని వెనుక ఐదు సూత్రాలున్నాయని చెప్పారు. వాటిని మన ఇంటి భాషలో చూద్దాం.

మొదటిది, ఒక వస్తువుకు ఒకే మాట. చిన్నపిల్లలకు వేలు ముందుకు పరుగెత్తుతుంది, నోరు వెనకబడుతుంది. "పదకొండు" అనేలోపు రెండు గింజలు ముట్టేస్తారు. అందుకే ముట్టి లెక్కపెట్టడం కంటే తీసి లెక్కపెట్టడం మేలు. పది చింతగింజలు ఇచ్చి, ఒక్కొక్కటీ గిన్నెలో వేస్తూ చెప్పమనండి. గింజ పడిన చప్పుడుకు ఒక అంకె. మన వామనగుంటల ఆటలో జరిగేదీ ఇదే. అటు ఏడు, ఇటు ఏడు గుంటలు. గుంటకో గింజ వేసుకుంటూ పోతాం. ఆట పేరుతో చేతికి అలవాటైపోతుంది.

రెండోది, మాటల వరుస మారకూడదు. మన పల్లెల్లో కళ్లం దగ్గర ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను "ఒకటి" అనరు, "లాభం" అంటారు. తరవాత రెండు, మూడు. "ఏడు" అంటే ఏడవమన్నట్టు ఉంటుందని కొందరు దాని బదులు "ఆరున్నొకటి" అంటారు. అయినా లెక్క తప్పదు. ఎందుకంటే ప్రతిసారీ ఆ చోట ఆ మాటే వస్తుంది. లెక్కకు కావలసింది మాట కాదు, వరుస.

మూడోది, చివరి మాటే మొత్తం. ఐదు బొత్తాలు లెక్కపెట్టిన పాపను "ఎన్ని ఉన్నాయి?" అని అడగండి. మళ్లీ మొదటినుంచి లెక్కపెడుతోందంటే ఈ సంగతి ఇంకా తెలియలేదన్నమాట. కోప్పడకండి. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు... ఐదు బొత్తాలు!" అని చివరిమాట రెండుసార్లు పలికి, అన్నిటి చుట్టూ చేయి తిప్పి చూపండి. తరవాత రుమాలు కప్పి అడగండి. కనబడకపోయినా "ఐదు" అంటే, వచ్చేసినట్టే.

మిగిలిన రెండూ తేలిక. గింజలైనా చప్పట్లైనా లెక్క ఒకటే. ఎటునుంచి మొదలుపెట్టినా మొత్తం ఒకటే.

ఇప్పుడు మేము చేసిన ఒక పొరపాటు చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఉత్తరాదిలో పనిచేస్తున్నప్పుడు మాకు ఒకటో తరగతి కూడా అప్పగించారు. మధ్యలో ఒక తెలుగు పిల్లవాడు వచ్చి చేరాడు. హిందీలో లెక్కపెట్టమంటే పద్దెనిమిది దగ్గర ఆగిపోయాడు. "సంఖ్యలు రావు" అని రాసేశాం. తెలుగువాళ్లమై ఉండి కూడా తెలుగులో అడగాలని తోచలేదు. ఆ తరవాత ఆ పిల్లవాడు తరగతిలో నోరు విప్పడం మానేశాడు.

ఒక సాయంత్రం క్వార్టర్స్ మైదానంలో వాడి గొంతు వినిపించింది. "మేం ఏడుగురం, మీరు ఐదుగురే. మాలో ఒకడు మీవైపు వస్తే సరి." లెక్కపెట్టడమే కాదు, రెండు జట్లనూ సమం చేస్తున్నాడు! మర్నాడు ఆ మాట కొట్టేసి, వాడిని తెలుగులోనే అడిగాం. కానీ వాడు మళ్లీ చెయ్యెత్తడానికి చాలా రోజులు పట్టింది.

తప్పు పిల్లవాడిది కాదు. తెలుగులో పంతొమ్మిది అంటే పదీ తొమ్మిదీ. ఇరవై తొమ్మిది అంటే ఇరవై, దానిమీద తొమ్మిది. హిందీలో ఉన్నీస్ అంటే ఇరవైకి ఒకటి తక్కువ, ఉన్‌తీస్ అంటే ముప్పైకి ఒకటి తక్కువ. ఆ మాటలు కొత్తగా నేర్చుకోవాలి, లెక్క మాత్రం కొత్తది కాదు. ఊరు మారినప్పుడు మీ తమ్ముడు బడిలో తడబడితే, ముందు ఇంటి భాషలో అడిగి చూడండి. వచ్చి ఉంటే ఆ సంగతి వాళ్ల టీచరుకు చెప్పండి. ఆ పని మీరే చేయగలరు.

ఇంకొక సంగతి. తెలుగులో వస్తువులకు ఒక లెక్క, మనుషులకు ఒక లెక్క. కంచాలు రెండు, మూడు, నాలుగు. మనుషులు ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు. ఆపైన ఎనిమిది మంది, తొమ్మిది మంది. అమ్మమ్మ ఫోన్లో "ఇంట్లో ఎంతమంది ఉన్నారమ్మా?" అంటే, బదిలీల మధ్య పెరిగిన మన పిల్లలు "నాలుగు" అంటారు. నవ్వకండి. రాత్రి భోజనాలప్పుడు కంచాలు పెట్టే పని వాళ్లకే ఇవ్వండి. "మనం నలుగురం, కంచాలు నాలుగు." మనిషికో కంచం. రోజూ పెడుతుంటే మొదటి సూత్రమూ వస్తుంది, అమ్మమ్మ తెలుగూ వస్తుంది.

మళ్లీ బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు, కట్టిన పెట్టెలమీద సుద్దతో అంకెలు వేసే పని చిన్నవాళ్లకు అప్పగించండి. కొత్త ఊళ్లో లారీలోంచి పెట్టెలు వేరే వరుసలో దిగుతాయి. అయినా లెక్క అంతే వస్తుందా లేదా, వాళ్లనే చూడమనండి. ఆఖరి పెట్టె దిగాక ఒక్క మాట అడగడం మరవకండి: "పెట్టెలు ఎన్ని? మనం ఎంతమంది?"